డప్పు ముందు, సప్పుడు వెనక

ఫోన్ కెమెరాలు తయారుచేసే కంపెనీలకు జఫర్‌గఢ్ నుంచి ఒక బహిరంగ లేఖ



మీ పేర్లు రాయడం లేదు. ఒక్కరి పేరు రాస్తే మిగిలినవాళ్లు ‘మా సంగతి కాదులే’ అనుకుంటారు. ఫోన్ వీపు మీద మూడు కళ్లు, నాలుగు కళ్లు పెట్టి అమ్మేవాళ్లందరికీ కలిపి ఈ ఉత్తరం. తెలుగులో రాస్తే ఎవరు చదువుతారని మా వాళ్లే నవ్వారు. మీలో కొందరి పరిశోధన కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అక్కడ కూర్చుని కోడ్ రాసేవాళ్లలో మా వరంగల్, జనగామ పిల్లలు ఉండకుండా ఉండరు. వాళ్లలో ఒక్కరు చదివి పక్క సీటతనికి చెప్పినా నా పని అయినట్టే.

నాది జఫర్‌గఢ్. 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు జనగామ జిల్లా. గుట్ట మీద కోట, కింద ఊరు, ఊళ్లో ఒక షట్టరు గది, అందులో రెండు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు. బయట బోర్డు మీద ‘వీడియో మిక్సింగ్’ అని ఉంటుంది. ఎడిటింగ్ అనే మాట మా దగ్గర పెళ్లివాళ్ల నోట రాదు. “మిక్సింగ్ ఎప్పుడైతది?” అనే అడుగుతారు. క్యాసెట్ల కాలంలో డెక్కుల మధ్య మిక్సర్ పెట్టి కలిపేవాళ్లు కదా, క్యాసెట్లు పోయినా పేరు ఉండిపోయింది. ఉండిపోవడం మంచిదే అయింది. ఇవాళ నేను చేస్తున్నది అచ్చంగా కలపడమే, కలవనివాటిని కలపడం.

ఒక పెళ్లి లెక్క చెబుతాను. మంటపం ముందు స్టాండు మీద ట్రెడిషనల్ కెమెరా ఒకటి, సెకనుకు 25 ఫ్రేములు. క్యాండిడ్ తీసే తమ్ముడి చేతిలో ఇంకొకటి. సినిమా లెక్క రావాలని వాడు 24 మీద పెడతాడు. చెయ్యి వణికినా కుదుపు రానివ్వని గింబల్ మీద ఉన్నది 50. డ్రోన్ కొన్న రోజు నుంచీ ఎవరూ మెనూ తెరవలేదు కాబట్టి అది 30. పెళ్లికూతురు మేనమామ డాలస్ నుంచి తెచ్చిన కెమెరా 29.97. ఇవన్నీ ఏదో ఒక మాట మీద నిలబడే జంతువులు. 24 అంటే 24, 30 అంటే 30. ఎట్లాగో మచ్చిక చేసుకుంటాను. ఆ తర్వాత అసలు వరద వస్తుంది. బావమరదులు, చిన్నమ్మలు, పిన్ని కొడుకులు పెన్‌డ్రైవులో పోసి తెచ్చే ఫోన్ క్లిప్పులు. అవి ఎంత అని అడిగితే సమాధానం లేదు. మీ ఫోన్లకే తెలియదు.

నాలుగేళ్ల కిందట ఒక బరాత్ వీడియో ఇచ్చాను. వారం తిరక్కుండా ఒకాయన షట్టరు ముందు నిలబడ్డాడు. పెళ్లివాళ్లు కాదు, ఆ బరాత్‌లో డప్పు కొట్టినాయన. చేతిలో ఫోన్ పట్టుకుని ఉన్నాడు. “సార్, ఒకసారి సూడుండ్రి. డప్పు ముందు కొడుతున్న, సప్పుడు ఎనుక వస్తున్నది. ఇది సూసినోడు నాకు తాళం తప్పిందంటడు. ఇంకో పెండ్లికి నన్నెవలు పిలుస్తరు?” అన్నాడు. కూర్చోబెట్టి, పెద్ద తెర మీద వేసి చూశాను. మొదటి నిమిషంలో చిర్ర తోలుకు తగలడం, చప్పుడు రావడం ఒక్కసారే. ఆరో నిమిషానికి చిర్ర తగిలి, మళ్లీ పైకి లేచి, రెండోసారి దిగుతుండగా మొదటి దెబ్బ వినిపిస్తోంది. ఆయన చెయ్యి గడియారం కన్నా నికరంగా ఉంది. తప్పిన తాళం నా టైమ్‌లైన్‌ది. ఆ రోజు ఆయనకు చాయ్ తాగించి, రెండు రోజుల్లో సరిచేసి ఇస్తానని మాట ఇచ్చాను. ఎట్లా సరిచేయాలో అప్పటికి నాకు తెలియదు.

మీకు తెలిసిందే అయినా ఈ ఉత్తరం మా వాళ్లు కూడా చదువుతారు కాబట్టి, జరిగేది ఏమిటో చెబుతాను. వెలుగు బాగా ఉన్నప్పుడు మీ ఫోన్ సెకనుకు 30 బొమ్మలు పడుతుంది. బరాత్ దీపాల బండి పక్కకు పోయి చీకటి పడగానే, ఒక్కో బొమ్మకు వెలుగు చాలక, రెప్ప ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. అప్పుడు సెకనుకు 24కో 20కో దిగుతుంది. ఫోన్ వేడెక్కినా తడబడుతుంది. మళ్లీ వెలుగు రాగానే 30. ఇట్లా పెరుగుతూ తరుగుతూ పోయే దానికి వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అని పేరు. ఏ బొమ్మ ఏ క్షణాన పుట్టిందో ఆ ముద్ర ప్రతి బొమ్మకూ ఉంటుంది. మీ ఫోన్‌లోనే చూస్తే ఆ ముద్రలు చదువుకుంటూ ఆడిస్తుంది కాబట్టి అంతా బాగుంటుంది. అందుకే ప్రతి కస్టమరూ నా ముందు ఒకటే మాట అంటాడు: “ఫోన్‌ల మంచిగనే ఉన్నది కదన్నా, నీ దగ్గరికి వచ్చినంక ఖరాబైంది.”

మిక్సింగ్ సాఫ్ట్‌వేర్లకు ఆ ముద్రలతో అలవాటు తక్కువ. కొత్త వెర్షన్లు కొంత సర్దుకుంటున్నాయి గానీ మా ఊళ్లలో నడిచేవి కొత్త వెర్షన్లు కావు. పాతది మొదట ఫైలు నొసలు చూస్తుంది, 30 అని రాసి ఉంటే 30 అని నమ్ముతుంది, బొమ్మలన్నిటినీ పూసల్లా సమాన దూరంలో గుచ్చేస్తుంది. 12 నిమిషాల క్లిప్ తీసుకోండి. సగటు 29.8 అనుకుందాం. చూడటానికి 30కి ఎంత దగ్గర! 720 సెకన్లకు 21,456 ఫ్రేములు. వాటిని 30 చొప్పున పరిస్తే 715 సెకన్లకే బొమ్మ అయిపోతుంది. మాట ఇంకా దాదాపు 5 సెకన్లు మిగిలి ఉంటుంది. బొమ్మ ముందు, చప్పుడు వెనక అవడానికి కారణం ఇదే. ఆ డప్పు ఆయన సాఫ్ట్‌వేర్ పేరు కూడా ఎరగడు. చూసిన వెంటనే ఏది ముందో ఏది వెనకో సరిగ్గా చెప్పాడు.

ఇది పాత జబ్బే, కొత్త ఒంట్లో. దండి యాత్ర ఫిల్ములో గాంధీ టకటకా నడిచిపోవడం అందరూ చూసే ఉంటారు. మూకీ కాలం కెమెరాలు చాలావరకు సెకనుకు 16, 18 బొమ్మల దగ్గర తిరిగేవి, చేత్తో తిప్పితే ఇంకా నిలకడ ఉండేది కాదు. దాన్ని టాకీల 24 మీద ఆడిస్తే మనుషులంతా బస్సు అందుకోబోతున్నట్టు కనిపిస్తారు. (గాంధీ నిజంగానే వడిగా నడిచేవారట, ఆయన సంగతి పక్కన పెట్టండి.) మాట వచ్చాక వేగం స్థిరంగా ఉండక తప్పలేదు, ఎందుకంటే వేగం మారితే గొంతు మారుతుంది. 1920ల చివర్లో సినిమావాళ్లు 24 దగ్గర కుదురుకున్నది అందుకే. వందేళ్ల కిందట చేతిపిడి పట్టుకున్న మనిషి తప్పును మీరు ఇప్పుడు చిప్‌తో చేయిస్తున్నారు.

25 ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి, నా రెండో ఫిర్యాదు దాని మీదే. కరెంటు నుంచి వచ్చింది. మా బావి కాడి మోటారుకు వచ్చేదీ, ఫంక్షన్ హాల్ ట్యూబులైట్లకు వచ్చేదీ 50 హెర్ట్జ్ కరెంటే. అమెరికాలో 60. టీవీ పుట్టినప్పుడు కరెంటు తాళానికే బొమ్మల తాళాన్ని కట్టారు. 50 ఉన్నచోట 25, 60 ఉన్నచోట 30. 1953లో అమెరికావాళ్లు రంగుల టీవీ ప్రమాణం పెట్టుకుంటూ ఆ 30ని వెయ్యింట ఒక వంతు తగ్గించారు. డాలస్ మేనమామ కెమెరా 29.97 అదే. దాన్ని పొరపాటున 30గా లెక్కగడితే గంటకు 3.6 సెకన్లు జారుతుంది. మూడు గంటల పెళ్లిలో పుస్తె కట్టే మాట ఒకచోట, కట్టడం ఒకచోట అవుతాయి. మనకు 1982లో ఆసియా క్రీడలతో రంగుల దూరదర్శన్ వచ్చింది, 25 మీద. తెర మారింది, టీవీ పెట్టె పోయింది, కరెంటు మాత్రం మారలేదు. ఇప్పటికీ మా హాళ్లలో దీపం సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంది. షట్టరు 50లో ఒక వంతో, 100లో ఒక వంతో ఉంటే ఆ రెపరెప కెమెరాకు పట్టదు. 60లో ఒక వంతు అయితే పెళ్లికూతురు ముఖం మీద నల్లటి చారలు మెల్లగా పైకి పాకుతుంటాయి. చవక ఎల్‌ఈడీ సీరియల్ బల్బులు వచ్చాక ఇది మరీ ఎక్కువైంది. ఇవన్నీ తెలిసిన మీరు, ఇండియాలో అమ్మే ఫోన్లలో చాలావాటికి 30, 60 ఇచ్చి 25, 50 ఎందుకు ఇవ్వరు? ఐఫోన్‌లో ఉంది, సెట్టింగ్స్‌లోకి పోయి, కెమెరాలోకి పోయి, రికార్డ్ వీడియోలోకి పోతే పాల్ ఫార్మాట్లు, అంటే మన 25 లెక్కవి, చూపించమనే మీట దొరుకుతుంది. బీరువాలో చీరల కింద దాచిన డబ్బులాగా. అయినా ఉంది కదా.

30ని 25లో పోస్తే ఏమవుతుంది? ప్రతి ఆరో బొమ్మ బయటికి పోవాలి. మనిషి కూర్చుని మాట్లాడుతుంటే ఎవరికీ తెలియదు. ఫోన్ పక్కకు తిప్పుతూ బంతిలో భోజనాలు చేస్తున్నవాళ్లను తీస్తే మాత్రం, సెకనుకు ఐదు చోట్ల చిన్న కుదుపు. గతుకుల రోడ్డు మీద ఆటోలో కూర్చుని చూసినట్టు. ఆ కుదుపు పోగొట్టడానికి సాఫ్ట్‌వేర్‌లో ఆప్టికల్ ఫ్లో అనే మందు ఉంది. లేని బొమ్మను రెండు బొమ్మల మధ్య ఊహించి పుట్టిస్తుంది. ఒకసారి తలంబ్రాల మీద వాడాను. పెళ్లికొడుకు దోసిలి వదిలాడు, పసుపు బియ్యం గాలిలోకి లేచింది, అక్కడ గింజలు గింజలుగా ఉండాల్సింది జావలాగా సాగి, పెళ్లికూతురు నుదుటి దగ్గర మళ్లీ గింజలయింది. బాసికం అంచు చెంపలోకి కరిగి బయటికి వచ్చింది. తలంబ్రాలకూ, డప్పుకూ, పటాకులకూ ఆ మందు వేయకూడదని అప్పుడే తెలిసింది. మెల్లగా కదిలేవాటికి, అంటే డ్రోన్ కోట మీదుగా పోయే షాటుకో, గుళ్లో హారతికో వేసుకోవచ్చు.

మా తప్పులు దాచను. మాలో సగం మంది కెమెరా కొన్నాక తేదీ కూడా సరిచేయరు. కొన్ని కెమెరాలు ఎన్‌టీఎస్‌సీలో, అంటే అమెరికా లెక్కలో, ఉన్నామని ఆన్ చేసిన ప్రతిసారీ తెర మీద చెబుతాయి, మావాడు ప్రతిసారీ ఓకే నొక్కి పోతాడు. 24 పెడితే సినిమా అయిపోతుందని ఒక నమ్మకం. లైటింగు, లెన్సు చేసే పనిని అంకె చేస్తుందా? సరే, పెట్టాడు. మాట లేని క్లిప్ అయితే దాన్ని 25 అని చదవమని సాఫ్ట్‌వేర్‌కు చెబుతాను, 4 శాతం వేగం పెరుగుతుంది, పెళ్లికూతురు మెట్లు దిగడం కాస్త హుషారుగా ఉంటుంది, అంతే. మాట ఉంటే ఆ పని చేయను. పంతులుగారి గొంతు ముప్పావు స్వరస్థానం దాకా పైకి పోతుంది, మంత్రం కుర్రవాడు చదివినట్టుంటుంది. 50 అయితే పండగే. ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే 25, అన్నీ తీసుకుని పరిస్తే సగం వేగంతో స్లో మోషన్. డ్రోన్ 60లో తీసి ఇచ్చినా దాన్ని 25 మీద పరిచి స్లో మోషన్ చేసుకుంటాను, కుదుపు ఉండదు. ఏ పెళ్లికైనా ముందురోజు రాత్రి కెమెరాలన్నీ ఒక్కచోట పెట్టి 25, 50 చేసి పంపడం ఇప్పుడు నేను పెట్టుకున్న నియమం. జీలకర్ర బెల్లం ముందు ఒకసారి మంగళవాయిద్యాల వాళ్లను గట్టిగా ఒక్క దెబ్బ వేయమంటాను. అన్ని కెమెరాల్లో ఆ దెబ్బే నా గుర్తు, అక్కడ పట్టుకుని అన్నిటినీ వరసలో పెడతాను.

ఈ కిటుకు నాకు మేడారం జాతరతో తట్టింది. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి స్వాగతం పలుకుతారు. 2024 ఫిబ్రవరి జాతర వీడియోలు ఆరుగురి దగ్గర నుంచి తెచ్చి కలుపుతుంటే, ఏ క్లిప్‌లో చూసినా ఆ పేలుడు ఉంది. తరంగం గీతలో తాటిచెట్టంత నిలబడి కనిపిస్తుంది. అక్కడ అన్నిటినీ పట్టుకుని కడితే మొదటి నిమిషం మొత్తం కలిసింది. ఇంకో తమాషా చూశాను. దూరంగా నిలబడి తీసినవాళ్ల క్లిప్‌లో పొగ ముందు కనిపించి చప్పుడు ఆలస్యంగా వచ్చింది. అది ఎవరి తప్పూ కాదు. చప్పుడు సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, అంటే 14 మీటర్ల దూరానికి ఒక ఫ్రేము వెనకబడుతుంది. దాన్ని నేను దిద్దను. దూరంలో నిలబడ్డ భక్తుడు అట్లాగే విన్నాడు, వీడియో అట్లాగే ఉండాలి. ఐదో నిమిషానికి ఫోన్ క్లిప్పులు ఒక్కోటి ఒక్కో దారిన పోయాయి చూడండి, అదీ మీ వాటా.

పెళ్లిళ్లు, జాతరలతోనే ఇది ఆగదు. మా జిల్లా ఒగ్గు కథకు పెట్టింది పేరు. 2017లో కన్నుమూసిన ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్యగారు మా మాణిక్యాపురం మనిషే. ఇప్పటి ఒగ్గు బృందాలకు ఎవరూ పెద్ద కెమెరాలు పెట్టరు. బీరప్ప కథ రాత్రంతా నడుస్తుంది, ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడి ఫోన్‌లోనే అది మిగులుతుంది. డోలు దెబ్బకు అడుగు పడే కథ అది. రేపు ఎవరైనా నేర్చుకోవాలనుకుంటే వాళ్లకు దొరికేది ఆ ఫైలే. ఎవరైనా దాన్ని ఎడిట్ చేసి ఎక్కిస్తే, అడుగు ఒకచోట, డోలు ఒకచోట. అదే పద్ధతి అనుకుంటారు పిల్లలు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణమైన క్లిప్ గురించి. పోయిన ఏడాది పక్క ఊళ్లో పెళ్లి. అప్పగింతల వేళకు మా కెమెరా అతను బ్యాటరీ మార్చుకోవడానికి పోయాడు. నా మనిషే, నా తప్పే. ఆ పది నిమిషాల్లోనే పెళ్లికూతురు అమ్మమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని పాట ఎత్తుకుంది. పాటలో మధ్యమధ్య మాటలు, మాటల్లో తిట్లు, తిట్లలో ఏడుపు. పెళ్లికూతురు తమ్ముడు పందిరి కింద నుంచి ఫోన్‌లో తీశాడు. నాలుగు నెలలకు ఆ పెద్దావిడ పోయింది. “అన్నా, అమ్మమ్మ పాట మొత్తం ఉండాలె, ఒక్క ముక్క కొయ్యొద్దు” అన్నాడు ఆ పిల్లవాడు.

ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో తెరిచాను. వేరియబుల్. కనిష్ఠం 15 దాకా దిగింది, పందిరిలో ఒక బల్బు పోయినట్టుంది. ఫైళ్లు మార్చే హ్యాండ్‌బ్రేక్‌లో వేసి కాన్‌స్టెంట్‌గా, 30గానే మార్చాను. ఇక్కడ చాలామంది నేరుగా 25కు మార్చి చెడగొట్టుకుంటారు. ముందు నడక నిలబడాలి, తర్వాత దారి మార్చాలి. గంటన్నర పట్టింది, మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచింది. మాట కలిసింది. కానీ 15కు దిగిన చోట సగం బొమ్మలు లేనే లేవు, ఉన్నదాన్నే రెండుసార్లు చూపించి నింపింది యంత్రం. ఆవిడ మనవరాలి చెంప నిమురుతుంది. చెయ్యి చెవి దగ్గర నుంచి గడ్డం దగ్గరికి ఆగి ఆగి, గెంతి గెంతి పోతుంది. చెంప మీది నిమురులో సగం లేదు. ఆప్టికల్ ఫ్లో వేయలేదు. ఆవిడ వేళ్లు కరిగిపోవడం ఆ పిల్లవాడికి చూపించలేను. అట్లాగే ఉంచి ఇచ్చాను.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. వీడియో బటను పక్కన ఒక తాళం గుర్తు పెట్టండి. నొక్కితే ఫ్రేము రేటు కదలకూడదు. చీకటి పడితే బొమ్మ నల్లబడనీ, గరుకు రానీ, నేను వెలుగు పెంచుకుంటాను. పోయిన బొమ్మను మాత్రం తెచ్చుకోలేను. ఆ తాళంలో 25, 50 కూడా ఉండాలి, లోపలి గదుల్లో దాచకుండా. తాళం వేయనప్పుడు రేటు తగ్గితే తెర మీద ఒక మూల ‘వెలుగు చాలదు, ఫ్రేములు తగ్గుతున్నాయి’ అని తెలుగులో చూపించండి. ఆ మాట చూస్తే ఆ తమ్ముడు రెండడుగులు బల్బు వైపు జరిగేవాడు. నిపుణుల కోసం వేరే యాప్‌లు ఉన్నాయని అనకండి. అమ్మమ్మ పాట ఎత్తుకున్నప్పుడు ఎవరూ యాప్ వెతకరు, లాక్ స్క్రీన్ మీద ఉన్న కెమెరానే తెరుస్తారు.

మాఘంలో నాకు ఐదు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాయి. డప్పు ఆయనను అందులో రెండింటికి పిలిచారు, సరిచేసిన వీడియోనే చూపించి మాట్లాడుకున్నాడట. అమ్మమ్మ పాట అసలు ఫైలు, మార్చిన ఫైలు రెండూ నా హార్డ్ డిస్కులో ఉన్నాయి. మీ ఇంజనీరు ఎవరైనా చూస్తానంటే ఆ ఇంటివాళ్లను అడిగి పంపుతాను. ఏడో నిమిషం దగ్గర చూడమనండి, చెయ్యి చెవి దగ్గర ఉన్నప్పటి నుంచి.

ఇట్లు,
వీడియో మిక్సింగ్ వాడు,
జఫర్‌గఢ్, జనగామ జిల్లా